ఆరు వారాలు కిరిబాస్ తరఫున: నా అనుభవం

పగలంతా గ్రానైట్ ఆఫీసులో లెక్కలు, సాయంత్రం ఆరున్నరకు లా క్లాసు. మలక్‌పేటలో మెట్రో ఎక్కేటప్పటికే సగం ప్రాణం పోయి ఉంటుంది. అలాంటిదాన్ని, పోయిన సెమిస్టర్‌లో ఆరు వారాలు పసిఫిక్ మహాసముద్రంలోని ఒక దేశానికి ప్రతినిధిగా ఉన్నానంటే మా ఇంట్లోవాళ్లే నవ్వారు. మా అత్తమ్మయితే "ఈ సంగతి ఆ దేశపోళ్లకు తెలుసా?" అని అడిగింది. తెలియదు.

మా మూడో ఏడాది ఇంటర్నేషనల్ లా పేపర్‌కు ప్రాక్టికల్ మార్కులుంటాయి. ఏటా మూట్ కోర్టు, అంటే ఉత్తుత్తి కేసు వాదనలు, పెట్టేవారు. ఈసారి మా సార్ "కొట్లాడటం మీకు బాగానే వచ్చింది, ఒప్పుకోవడం నేర్పిస్తా" అంటూ ఉత్తుత్తి సంధి చర్చలు పెట్టారు. సముద్రం అడుగున ఉన్న ఖనిజాల విషయంలో పసిఫిక్ ద్వీప దేశాలు కలిసి ఒక ఒప్పందం రాసుకోవాలి. ఎనిమిది దేశాలు, టీముకు ముగ్గురు. స్టీలు టిఫిన్ డబ్బాలో చీటీలు వేసి ఊపారు. నా చీటీ మీద కిరిబాటి అని ఉంది. వారం రోజులు అట్లాగే పలికాం. తర్వాత సార్ చెప్పారు, వాళ్ల భాషలో ఆ 'టి'ని 'స్' అని పలుకుతారు, అది కిరిబాస్ అని. దేశం పేరు పలకడం రాని ముగ్గురం ఆ దేశం బాగోగులు మాట్లాడబోతున్నాం.

మిగతా ఇద్దరిలో ఒకరు సిటీ సివిల్ కోర్టు దగ్గర ఒక లాయరు దగ్గర గుమాస్తా, ఇంకొకరు కాల్ సెంటర్లో చేసే ఇరవై మూడేళ్ల అమ్మాయి. ఆయన నన్ను మేడమ్ అంటాడు, ఆమె అక్కా అంటుంది. చాయ్ డబ్బులు మాత్రం ఎప్పుడూ నావే.

దేశం దొరికింది కానీ మ్యాపులో దొరకలేదు. మావాడి స్కూలు అట్లాస్ తీశాను. మన అట్లాసుల్లో ప్రపంచ పటాన్ని సరిగ్గా పసిఫిక్ మధ్యలో కోస్తారు కదా. కిరిబాస్ ఆ కోతలోనే ఉంది. గిల్బర్ట్ దీవులు పటానికి కుడి అంచున, లైన్ దీవులు ఎడమ అంచున, మధ్యలో ఐరోపా, ఆఫ్రికా, మనం. ఆ పేజీని రెండు జిరాక్సులు తీయించి, ఒకదాని కుడి సగం, ఇంకోదాని ఎడమ సగం కత్తిరించి సెల్లోటేపుతో అతికించాను. అప్పుడు కనబడింది అసలు దేశం. ముప్పై మూడు దీవులు, నేలంతా కలిపితే 811 చదరపు కిలోమీటర్లు. మన పాత జీహెచ్‌ఎంసీ 650 కదా, దానికంటే కొంచెం పెద్దది, అంతే. కానీ వాళ్ల హక్కులో ఉన్న సముద్రం, అంటే తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు లెక్కేస్తే, భారతదేశం నేల మొత్తం కంటే ఎక్కువ. దేశం ఎంత వెడల్పంటే 1995 వరకు తేదీ రేఖ దాని మధ్యలోంచి పోయేది. ఒక కొసన సోమవారమైతే ఇంకో కొసన ఆదివారం. ఆ ఏడాది రేఖనే పక్కకు జరిపించుకున్నారు. ఈ మాట చెప్పగానే మా గుమాస్తా అన్న "వాయిదాలు ఎట్లా వేసేవారో పాపం" అన్నాడు.

రెండో వారంలో సార్ తన స్నేహితుణ్ణి తీసుకొచ్చారు. రిటైరైన జియాలజిస్టు. ఆయన సంచిలోంచి న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం తీసి బల్ల మీద పెట్టారు. విప్పితే, నిప్పుల్లో వేసి మరిచిపోయిన ఆలుగడ్డలా ఉంది. నల్లగా, పైనంతా చిన్న చిన్న బొడిపెలు. ఇదేనా నాడ్యూల్ అంటే, దీనికోసమేనా ఇంత గొడవ అనుకున్నాను. చేతిలోకి తీసుకుంటే అనుకున్నంత బరువు లేదు. కింద పెట్టాక చూస్తే వేళ్లకు మసి. మాంగనీసు, నికెలు, రాగి, కోబాల్టు అన్నీ అందులోనే ఉన్నాయట. నాలుగు నుంచి ఆరు కిలోమీటర్ల లోతున, సముద్రం అడుగు బురద మీద ఊరికే పడి ఉంటాయి. పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతాయి. "నీ చేతిలో ఉన్నది మనుషులు పుట్టకముందు మొదలైందమ్మా" అన్నారాయన. ఆ రాయి పసిఫిక్‌ది కూడా కాదు, మన హిందూ మహాసముద్రానిదే. అక్కడ 75,000 చదరపు కిలోమీటర్లలో అన్వేషణకు భారతదేశానికి 2002 నుంచి కాంట్రాక్టు ఉంది. సముద్రమే లేని హైదరాబాద్‌లో కూర్చొని ఈ మాటలేంటి అని ఎవరో వెనక నుంచి అంటే, దేశమంతటికీ సునామీ హెచ్చరికలు పోయేది ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం నుంచే కదా అన్నారాయన. నిజమే, ఆ గేటు ముందు నుంచి ఎన్నోసార్లు పోయాను, ఏనాడూ పట్టించుకోలేదు.

చదవడం మొదలుపెట్టాక నిద్ర పోయింది. మా టీము అమ్మాయి ఫోన్లో పీడీఎఫ్‌లు దింపి పంపేది, నేను ఆఫీసులో ప్రింట్లు తీసేదాన్ని. ముందుగా బనబా కథ. కిరిబాస్‌లోనే ఒక చిన్న దీవి. 1900 నుంచి 1979 వరకు అక్కడ ఫాస్ఫేటు తవ్వారు. పైనున్న నేలంతా ఎరువుగా మారి బయటి దేశాల పొలాలకు పోయింది. దీవి జనాన్ని 1945లో ఎక్కడో ఉన్న ఫిజీలోని రబీ దీవికి తరలించారు. తవ్వకం ఆగిన ఏడాదే, 1979లో, కిరిబాస్‌కు స్వాతంత్ర్యం వచ్చింది. గనులు ఖాళీ అయ్యాక తాళంచెవులు ఇచ్చినట్టు. అయితే లెక్కలు రాసేదాన్ని కదా, నాకు ఒక్కటి నచ్చింది. ఫాస్ఫేటు రాయల్టీలో కొంత పక్కన పెట్టి 1956లోనే ఒక నిల్వ నిధి పెట్టారు. అది ఇప్పటికీ ఉంది. పక్కనే ఉన్న నౌరు కథ దీనికి తలకిందులు. 21 చదరపు కిలోమీటర్ల దేశం, ఫాస్ఫేటు మీద కొన్నాళ్లు గొప్పగా బతికింది, పెట్టుబడులు మునిగిపోయాయి, దీవి నడిబొడ్డు తవ్విపోసిన గుట్టల్లా మిగిలింది. ఆ నౌరే ఇప్పుడు సముద్రగర్భ తవ్వకానికి అందరికంటే ముందు నిలబడింది. మొదట్లో నాకు కోపం వచ్చింది. తర్వాత అనిపించింది, చేతిలో ఇంకేం మిగలని ఇంటికి ఏం చెబుతాం?

మా దేశం వైఖరి చెప్పే పొజిషన్ పేపరు రాశాక మొదటి రౌండు. ఎనిమిది బల్లలు గుండ్రంగా, మీద కాగితం జెండాలు. సార్ మధ్యలో కూర్చుని ముందుగా తలానోవా అన్నారు. అంటే ఫిజీ, టోంగా, సమోవా వైపు పెద్దలు కూర్చుని మనసు విప్పి మాట్లాడుకోవడం, తీర్పులు చెప్పకుండా. మనవాళ్లం కదా, అయిదు నిమిషాల్లో అది టీవీ డిబేట్ అయింది.

పలావు దేశం బల్ల నిలబడి "మేం దేనికీ ఒప్పుకోం, మారటోరియం" అంది, అంటే తవ్వకాలు కొంతకాలం ఆపేయాలని. వాళ్లు పాత్రకు న్యాయమే చేశారు. 2022లో లిస్బన్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి సముద్ర సదస్సులో తవ్వకాలు ఆపాలంటూ కూటమి కట్టింది పలావు, పక్కన ఫిజీ నిలబడింది. కుక్ ఐలాండ్స్ బల్ల "మాది మా సొంత సముద్రం, 2009లోనే చట్టం చేసుకున్నాం, 2022లో మూడు అన్వేషణ లైసెన్సులు ఇచ్చాం, మధ్యలో మీరెవరు?" అంది. పాపువా న్యూ గినీ తరఫున మాట్లాడిన పెద్దాయన మాత్రం నెమ్మదిగా తమ దెబ్బ చూపించాడు. సొల్వారా 1 అనే ప్రాజెక్టు, బిస్మార్క్ సముద్రంలో, 2011లో మైనింగ్ లీజు. ప్రభుత్వమే పదిహేను శాతం వాటా కొన్నది. కంపెనీ 2019లో కుప్పకూలింది, ఒక్క టన్ను కూడా అమ్మకుండానే దాదాపు 12 కోట్ల డాలర్లు పోయాయి. మన రూపాయల్లో వెయ్యి కోట్లు. హాలంతా చప్పబడింది.

నేను మాత్రం ఒక ఉపాయం పట్టుకుని పోయాను. ట్యూనా చేపల ఉపాయం. 1982లో కొన్ని ద్వీప దేశాలు నౌరు ఒప్పందం రాసుకున్నాయి. ఇప్పుడు అందులో ఎనిమిది దేశాలు, కిరిబాస్ కూడా ఉంది. బయటి దేశాల పెద్ద పడవలు వీళ్ల నీళ్లలో ట్యూనా పట్టాలంటే రోజుల లెక్కన కొనుక్కోవాలి. రోజుకు కనీస ధర ఇంత అని అందరూ కలిసి పెట్టుకున్నారు. 2015 నాటికి అది 8,000 డాలర్లు. కిరిబాస్ ప్రభుత్వ ఆదాయంలో సింహభాగం ఈ చేపల లైసెన్సులదే. మరి రాళ్లకు కూడా ఇట్లాగే ఉమ్మడి కనీస రాయల్టీ పెడితే? రెండో రౌండులో దర్జాగా నిలబడి ప్రతిపాదించాను. మా టీము అమ్మాయి కింద నుంచి బొటనవేలు చూపించింది.

నౌరు బల్ల దగ్గర ఇరవై రెండేళ్ల పిల్లాడు లేచాడు. మామూలుగా క్యాంటీన్లో నా దగ్గర నోట్సు అడుక్కునేవాడే.

"అక్కా, సారీ, గౌరవనీయ కిరిబాస్ ప్రతినిధి గారు రెండు సంగతులు మరిచిపోయారు. ఒకటి, మేం తవ్వాలనుకునేది మా నీళ్లలో కాదు. హవాయికీ మెక్సికోకీ మధ్య అంతర్జాతీయ సముద్రంలో. అక్కడ రాయల్టీ పెట్టేది కింగ్‌స్టన్‌లోని అంతర్జాతీయ సముద్రగర్భ అథారిటీ. మనం ఉత్త స్పాన్సర్లం, తవ్వే కంపెనీకి పూచీ ఇచ్చేవాళ్లం. మీ దేశం కూడా 2015లో అక్కడే కాంట్రాక్టు తీసుకుంది కదా, చూసుకోలేదా?"

చూసుకున్నాను. కానీ రెండిటినీ కలిపి ఆలోచించలేదు. చెవులు వేడెక్కాయి.

"రెండోది, చేప ఈదుతుంది అక్కా. ఇవాళ మీ దగ్గర, రేపు మా దగ్గర. మీరొక్కరే రేటు పెంచితే పడవ పక్క దేశంలో అదే చేపను పట్టుకుంటుంది. అందుకే అందరూ కలవాల్సి వచ్చింది. రాయి కదలదు. ఎవడి రాయి వాడిది. కలవాల్సిన అవసరమేముంది?"

ఎవరో చప్పట్లు కొట్టారు. సార్ కూడా ఏదో రాసుకున్నారు. మెట్రోలో ఇంటికి వస్తుంటే ఏడుపొక్కటే తక్కువ. నా బాధ ఓడినందుకు కాదు, వాడు చెప్పింది నిజమనిపించినందుకు.

మర్నాడు ఆఫీసులో మా ఓనర్ పిలిచి ఒక పని చెప్పాడు. "అమ్మా, తెలంగాణ, ఆంధ్రా, కర్ణాటక, మూడు రాష్ట్రాల సీనరేజి, పర్మిట్ ఖర్చులు పక్కపక్కన పెట్టి ఒక షీట్ చెయ్యి. ఎల్లుండి డిపార్ట్‌మెంట్ వాళ్లను కలవాలె. ఈడ తగ్గియ్యకపోతే ఆడికి పోతమని జెప్పాలె." సీనరేజి అంటే తవ్విన రాయికి ప్రభుత్వానికి కట్టే రుసుము. ఏటా చేసే షీటే. ఎక్సెల్‌లో మూడో కాలమ్ నింపుతుంటే చేయి ఆగిపోయింది. గుట్ట కదలదు. కరీంనగర్ గుట్ట కరీంనగర్‌లోనే ఉంటుంది. కదిలేది మా ఓనర్. ఈ షీటు పట్టుకుని ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు కదులుతాడు. పసిఫిక్‌లోనూ అంతే కదా. నాడ్యూల్ కదలదు, కంపెనీ కదులుతుంది. ఒక దేశం షరతులు గట్టిగా పెడితే పక్క దేశం స్పాన్సర్ చెయ్యడానికి తయారు. అయిదేళ్లుగా ఆ షీటు చేస్తున్నాను, నాకే తట్టలేదు.

ఆ రాత్రి మళ్లీ కాగితాలు ముందేసుకున్నాను. ఇదే భయం పెద్ద కోర్టుకూ వచ్చింది. 2011 ఫిబ్రవరిలో సముద్ర చట్టాల అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఒక సలహా ఇచ్చింది. స్పాన్సర్ దేశం పేదదైనా సరే, బాధ్యతల్లో మినహాయింపు లేదు, కాంట్రాక్టరును అదుపులో పెట్టే చట్టం ఉండి తీరాలి అని. పేదవాళ్లకు తగ్గింపు ఇస్తే కంపెనీలన్నీ అనుకూలమైన దేశాన్ని వెతుక్కుంటాయి, ఓడల యజమానులు నిబంధనలు సడలిన దేశాల జెండాలు వెతుక్కున్నట్టు. చెప్పడం బాగుంది. నౌరులాంటి పన్నెండు వేల జనాభా ఉన్న దేశానికి సముద్ర చట్టాల లాయర్లు, జీవశాస్త్రవేత్తలు, ఆడిటర్లు ఎక్కడి నుంచి వస్తారు? అందుకే ఫిజీ రాజధాని సువా కేంద్రంగా పసిఫిక్ కమ్యూనిటీ సంస్థ ఐరోపా యూనియన్ డబ్బుతో 2011 నుంచి 2016 వరకు పదిహేను దేశాలకు ఒకే ప్రాజెక్టు నడిపింది. 2012లో అందరికీ పనికొచ్చే చట్టాల నమూనా పుస్తకం తెచ్చింది. టోంగా, తువాలు 2014లో, నౌరు 2015లో, కిరిబాస్ 2017లో చట్టాలు చేసుకున్నాయి. మేం రాత్రిళ్లు కూర్చుని కనిపెట్టామనుకున్న సగం క్లాజులు ఆ పుస్తకంలో అప్పటికే ఉన్నాయి. మా గుమాస్తా అన్న మాత్రం సంతోషించాడు. "డ్రాఫ్టు ఉంది మేడమ్, పేర్లు మార్చుడే." లాయర్ ఆఫీసులో పదిహేనేళ్లు ఊరికే లేడు.

మూడో రౌండుకు ముందు నౌరు పిల్లాడికి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇప్పించాను. లంచం కాదు, దౌత్యం. "రాయి కదలదు, సరే. తవ్వేటప్పుడు లేచే బురద కదలదా?" అన్నాను. అడుగున యంత్రం దోకుతుంటే మట్టి మేఘంలా లేస్తుంది. పైకి తెచ్చి కడిగిన నీళ్లు మళ్లీ సముద్రంలోకే వదులుతారు. ప్రవాహానికి దేశాల గీతలు తెలియవు. అదే నీళ్లలో మనందరి ట్యూనా తిరుగుతుంది. వాడు బిస్కెట్ ముంచుకుని ఆలోచించాడు. ఎక్కువసేపు ముంచాడు, సగం విరిగి చాయ్‌లో పడింది. "బురద దాకా ఒప్పుకుంటా. డబ్బు సంగతి ఎత్తొద్దు" అన్నాడు.

అసలు సంధి అక్కడే అయిందని నా నమ్మకం. మిగతా రెండు రౌండ్లు పదాల మీద పోట్లాట. ఇంగ్లిష్‌లో 'షల్' పెట్టాలా 'షుడ్' పెట్టాలా అని గంటా ఇరవై నిమిషాలు. తెలుగులో చెప్పాలంటే 'ఇవ్వాలి'కీ 'ఇస్తే బాగుంటుంది'కీ మధ్య ఉన్న తేడా. పర్యావరణ సమాచారం పక్క దేశాలకు ఇవ్వాలా, ఇస్తే బాగుంటుందా? ఒప్పుకోని మాటలను చదరపు బ్రాకెట్లలో పెడతారు. ఒక దశలో మా కాగితంలో బ్రాకెట్లు తప్ప ఏమీ కనిపించలేదు. ఒకరాత్రి నేను పాత డ్రాఫ్టును గ్రూపులో పెట్టేశాను. అందులో మా టీం రాసుకున్న రహస్యం ఉంది, చివరికి ఎంతవరకు తగ్గవచ్చో. డిలీట్ చేసేలోపే కుక్ ఐలాండ్స్ వాళ్లు చదివేసి నవ్వు బొమ్మ పెట్టారు. టెన్షన్‌తో అన్నం దిగలేదు. మా టీము అమ్మాయి "పర్లేదక్కా, దొంగ పేపరు కావాలనే పెట్టామని చెబుదాం" అంది. చెప్పింది కూడా. వాళ్లు సగం నమ్మారు.

ఉమ్మడి రాయల్టీ పోయింది. దానికి బదులు ఒక చిన్న వాక్యం సంపాదించాం. కంపెనీతో చేసుకున్న కాంట్రాక్టును, స్పాన్సర్ ఫీజు ఎంతో సహా, ప్రతి దేశం బయటపెట్టాలి. 'షల్'. నౌరు పిల్లాడు దీన్ని ఎందుకో వదిలేశాడు, బహుశా నిద్రలో ఉన్నాడు. కానీ ఆ వాక్యం ఉంటే మా ఓనర్ షీటును ప్రభుత్వాలే తయారుచేసుకోవచ్చు. ఎవరు ఎవరికి ఎంత తక్కువకు ఒప్పుకున్నారో పక్కవాడికి తెలిస్తే, బెదిరింపు సగం పలచబడుతుంది. నిజంగా అక్కడ ఏమవుతుందో వేరే సంగతి. నౌరు 2021 జూన్‌లో రెండేళ్లలో నిబంధనలు తేల్చమని అథారిటీకి గడువు పెట్టింది, ఆ గడువు 2023 జులైలో దాటిపోయింది, నిబంధనలు తేలలేదు. 2025 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు తమ దేశ చట్టం కిందే అనుమతులిచ్చేందుకు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. ఆ వార్త చదివిన రోజు మా వాట్సాప్ గ్రూపులో తువాలు ప్రతినిధి ఒక్క ముక్క రాశాడు: "మన చదరపు బ్రాకెట్లన్నీ దండగ."

ఆఖరి రోజు పదకొండు పేరాలు, నాలుగింటికి బ్రాకెట్లు మిగిలాయి. పలావు తన మారటోరియం పేరాను చివరిదాకా వదల్లేదు, అది బ్రాకెట్లలోనే నిలబడింది. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది. సంతకాలకు సార్ ఇంకు పెన్ను తెచ్చారు, అది లీకయింది. అందరి వేళ్లకూ నీలం. రిటైర్డ్ జియాలజిస్టు గారు వచ్చి తన రాయిని మళ్లీ న్యూస్‌పేపర్లో చుట్టుకుని సంచిలో వేసుకున్నారు. మార్కులు ఇరవై అయిదుకు పంతొమ్మిది. నౌరు పిల్లాడికి ఇరవై రెండు.

పోయిన సోమవారం మా ఓనర్ మళ్లీ పిలిచాడు. రేట్లు మారాయట, షీటు అప్‌డేట్ చెయ్యమన్నాడు. పది నిమిషాల్లో చేసి మెయిల్ పెట్టాను. అతికించిన పటం నా టేబులు అద్దం కింద ఉంది. చూసి ఇదేంటమ్మా అని అడిగాడు. కిరిబాస్ సార్ అన్నాను. "గ్రానైట్ ఉంటదా ఆడ?" అన్నాడు.